చెవి మేస్త్రి

బావకి,

నీ చెల్లెలు బాగుంది. నేనూ ఉన్నాను. అక్కయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి.

నా రాత నీకు తెలుసు. ఐదో తరగతితో ఆగిన చెయ్యి. అక్షరాలు పెద్దవి, కాగితాలు ఎక్కువ. ఓపిక పట్టు. నువ్వు మీ అమ్మాయి ఊరు వెళ్ళాక మూడుసార్లు ఫోన్ చేశావు. మూడుసార్లూ నేను ఫోను నీ చెల్లెలి చేతిలో పెట్టి పెరట్లోకి పోయాను. మొహం చాటేస్తున్నాననుకుని ఉంటావు. అదీ ఉంది. కానీ అసలు సంగతి వేరు. ఫోన్లో నీ గొంతు నాకు వినపడదు. డబ్బాలో ఈగ దూరినట్టు ఉంటుంది. బావా, నాకు చెవులు పోయాయి. నిన్నా మొన్నా కాదు. మూడేళ్ళు దాటింది.

ఇన్నాళ్ళూ పక్కపక్క గదుల్లో పనిచేశాం, నేను తట్టి పంపిన చక్రాలు నువ్వు గడ్డి కుక్కి పెట్టెల్లో సర్దేవాడివి, నీకు చెప్పలేదు. ఇప్పుడు మొదట్నుంచీ చెప్తాను. నీకు తెలిసినవి కూడా చెప్తాను. మధ్యలోంచి చెప్పడం నాకు రాదు.

పొద్దున ఏడూ పది రైలుకి ఊరంతా ఖాళీ అవుతుంది కదా. పాసులున్నవాళ్ళంతా సిటీకి పోతారు. ఇక మిగిలేది కొట్లవాళ్ళు, జబ్బువాళ్ళు, స్టేషను వెనకాల షెడ్లలో మనం. "రైలెక్కేవాళ్ళకి ఉద్యోగాలు, పట్టాలు దాటేవాళ్ళకి పనులు" అనేవాడివి నువ్వు. మన షెడ్డులో సానచక్రాలు. గరుకు రజనూ మట్టీ కలిపి అచ్చులో నొక్కి బట్టీలో కాల్చిన రాళ్ళు. వాటిని మోటార్లకి బిగించి ఇనుము అరగదీస్తారు. లోపల సన్న పగులున్నా బయటికి కనపడదు. మోటారు మీద తిరిగేటప్పుడు పేలుతుంది. అందుకే నా బల్ల. చక్రం కన్నంలో వేలు దూర్చి వేలాడదీసి కొయ్య సుత్తితో పక్కన తట్టాలి. మంచిదైతే ఖంగుమని పలుకుతుంది. పగిలిందైతే కుండ పెంకులా టప్పుమంటుంది. పలికినదానికి సుద్దతో టిక్కు, పలకనిదానికి అడ్డంగా రెండు గీతల కాటా. ముప్పై ఒక్క ఏళ్ళు ఇదే పని. నోట్లో మాట లేని నన్ను షెడ్డు షెడ్డంతా చెవి మేస్త్రి అని పిలిచేది. పెద్ద ఓనరు ఉన్న రోజుల్లో వచ్చినవాళ్ళకి నన్ను చూపించి, "మా షెడ్డుకి ఈయన చెవే గ్యారంటీ" అనేవారు. నేను తల వంచుకునేవాణ్ణి. లోపల మాత్రం ఎంత పొంగేవాణ్ణో ఎవరికీ చెప్పలేదు. నీ చెల్లెలికి కూడా.

మొదట పోయింది ఆ ఖంగే. మనుషుల మాటలు వినపడేవి, రైలు కూత వినపడేది, సుత్తి దెబ్బ వినపడేది. దెబ్బ తర్వాత వచ్చే సన్నటి మోత మాత్రం లేదు. నా చెవి అనుకోలేదు. మట్టి అనుకున్నాను. బట్టీ మేస్త్రి దగ్గరికి పోయి, "కాల్పు సరిగ్గా లేదు, రాళ్ళు పలకడం లేదు" అన్నాను. ఆయనకి కోపం వచ్చి నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఇంట్లో కుక్కరు మాడిపోయింది. నీ చెల్లెలు పరుగున వచ్చి, "పక్కనే కూర్చున్నారుగా, ఆరు విజిళ్ళు వచ్చాయి, ఏం చేస్తున్నారు?" అంది. ఏ విజిలూ రాలేదన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆ చూపుతో నాకు తెలిసింది.

కళ్ళజోడుకని చెప్పి సిటీకి పోయాను. చెవుల డాక్టరు దగ్గర ఒక అమ్మాయి నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, మోత వినపడగానే బొత్తాం నొక్కమంది. చాలాసేపు నొక్కకుండా కూర్చున్నాను. బయటికొచ్చాక ఒక కాగితం ఇచ్చింది. దాని మీద ఒక గీత, ఇంటి కప్పు వాలులా కిందికి జారిపోయింది. చెవికి మిషను పెట్టుకోమన్నారు. పెట్టుకోలేదు. బల్ల దగ్గర అందరూ చూస్తారు. చెవి మేస్త్రికి చెవిలో మిషనా? ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి పెట్టె అడుగున దాచాను.

మరి మూడేళ్ళు ఎలా నెట్టుకొచ్చావంటావు. వేలితో. తట్టగానే చక్రం వణుకుతుంది. మంచిదైతే ఆ వణుకు కాసేపు ఉంటుంది, పగిలిందైతే వెంటనే చస్తుంది. కన్నంలో ఉన్న వేలికి అది తెలిసేది. చెవి పోతేనేం, వేలుందిగా అని నాకు నేను చెప్పుకున్నాను. పెద్ద చక్రాలకి బాగానే తెలిసేది. చిన్నవాటికి అంతగా తెలిసేది కాదు. అంతగా తెలిసేది కాదని రాస్తున్నాను చూడు, ఇప్పుడు కూడా నిజం సగమే రాస్తున్నాను. చిన్నవాటికి అసలు తెలిసేది కాదు. టిక్కు పెట్టేసేవాణ్ణి.

గేట్లాయన మోటారు మీద పేలింది చిన్న చక్రమే. ఎడమ కన్ను పోయింది. స్టేషను రోడ్డులో కొత్త ఇళ్ళన్నింటికీ గేట్లూ కిటికీ ఊచలూ ఆయన చేసినవే. ఆ రోజు చిన్న ఓనరు మనిద్దర్నీ ఆఫీసు గదిలోకి పిలిచారు. గేట్లాయన తమ్ముడు కూడా ఉన్నాడు. పగిలిన ముక్క బల్ల మీద ఉంది. దాని మీద నా టిక్కు ఉంది. ఓనరు నా భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వచ్చి అడిగారు. ఆయన ఎప్పుడూ నాతో అలాగే దగ్గరికొచ్చి మాట్లాడతారు, పెద్దవాణ్ణని మర్యాద. "పెద్దాయనా, నువ్వు వాయించినప్పుడు ఇది పలికిందా?"

"పలికింది" అన్నాను.

ఒక్క మాట. నువ్వు నా పక్కనే నిలబడ్డావు. నా వైపు తిరిగావు. నేను ముక్క వైపు చూశాను. పలికిన రాయి తర్వాత పగిలిందంటే పెట్టెలోనే పగిలుండాలి, గడ్డి సరిగ్గా కుక్కలేదు, పెట్టె జారవిడిచారు అన్నారు ఓనరు. మర్నాటి నుంచి నిన్ను రావద్దన్నారు. నీ సామాను సర్దుకుని నువ్వు గేటు దాటుతుంటే నేను బల్ల దగ్గర చక్రాలు తడుతూనే ఉన్నాను.

నాలుగు నెలలైంది. మింగలేను, కక్కలేను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. అందుకని చెప్పాను. నన్ను తిట్టు. కానీ నీ చెల్లెలితో ఫోన్లో మునుపటిలాగా మాట్లాడు. నువ్వు ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తే ఆవిడ ఆ పూట అన్నం ముట్టదు.

ఇట్లు,
నీ బావ

—

ఓ బావా,

ఉత్తరం అందింది. అక్కయ్య మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు ఇంకా బాగుంది. నీ ఉత్తరం నేను చదువుతుంటే విని, "మూడేళ్ళ సంగతి ఇప్పుడు రాశాడా, మీ బావ ఉత్తరం కూడా నత్త మీద వచ్చినట్టుంది" అంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావు అన్నాడట. నీకు చెవుడని షెడ్డులో అందరికీ తెలుసు బావా. నీకొక్కడికే అది రహస్యం. నాకు తెలిసి రెండేళ్ళు దాటింది. గుర్తుందా, ఒక రోజు నీ వంతు చక్రాల్లో సగానికి చీలినదాన్ని ఒకటి పెట్టాను. వేళాకోళానికి. చీలిక గోడ వైపు, మంచి ముఖం నీ వైపు. నువ్వు తట్టావు, తల ఊపావు, టిక్కు పెట్టావు. తలుపు చాటున నిలబడి నవ్వబోయిన వాణ్ణి, నవ్వలేకపోయాను. ఆ చక్రాన్ని నేనే తీసి పారేశాను.

అప్పట్నుంచీ నీ దగ్గర్నుంచి వచ్చినవాటిని గడ్డిలో పెట్టేముందు నా సుత్తి పిడితో మళ్ళీ వాయించేవాణ్ణి. వందకి ఆరో ఏడో పక్కన పడేవి. గడ్డి మేస్త్రికి చెవి పని దొరికింది చూడు. వాటిని ఒక రోజు బుట్టలో వేసుకుని చిన్న ఓనరు దగ్గరికి పోయాను. "బావని వేరే కూర్చునే పనిలో వెయ్యండి, బల్ల దగ్గర చెవి ఉన్నవాణ్ణి పెట్టండి" అన్నాను. ఆయన ఏమన్నాడో చెప్పనా? "నాకు తెలీదనుకున్నావా? వెనకాల నిలబడి పిలిస్తే పలకడు. అందుకేగా దగ్గరికెళ్ళి మాట్లాడుతున్నాను" అన్నాడు. "చెవి బాగున్న రోజుల్లో మీ బావ వందకి ఎనిమిది కాటాలు కొట్టేవాడు. ఇప్పుడు రెండు. ఎనిమిది పారేసుకుంటే నేను షెడ్డు మూసుకుని రైలెక్కాలి. నీ పని గడ్డి. గడ్డి చూసుకో" అన్నాడు.

మర్యాద అనుకున్నావు కదూ. నీ చెవి కోసం కాదు బావా నిన్ను అక్కడ ఉంచింది. నీ చెవుడు కోసం. చెవి ఉంటే ఎప్పుడో ఇంటికి పంపేవాడు.

ఇంకొకటి విను. విను అంటున్నాను, చదువు. నన్ను తీసేసింది పెట్టె జారినందుకు కాదు. నీ చెవుడు సంగతి ఆయనతో అన్నవాణ్ణి షెడ్డులో నేనొక్కణ్ణే. కన్ను పోయాక ఆ నోరు ఊళ్ళో ఉండకూడదు.

నీకెందుకు చెప్పలేదంటావా? ఎలా చెప్పమంటావు? ఇంటికొస్తే మా చెల్లాయి, "అన్నయ్యా, మీ బావ చెవికి దిష్టి తగలకుండా చూడు" అని నవ్వేది. ఆ బల్ల దగ్గర నువ్వు కూర్చునే తీరు చూస్తే సింహాసనం మీద రాజు కూడా కళ్ళకి ఆనేవాడు కాదు. నా నోటితో దింపలేకపోయాను. పైగా నేను మళ్ళీ వాయిస్తున్నానుగా, ఏం కాదులే అనుకున్నాను. గేట్లాయన పెట్టె వెళ్ళిన రోజు లారీ ముందే వచ్చింది. ఆ పెట్టె వాయించకుండా మేకులు కొట్టేశాను. అది నా వాటా. దాన్ని నీ నెత్తిన రుద్దను.

కానీ బావా, నీ చెవుడు ముందే క్షమించాను. నీ మాట క్షమించలేదు. ఆ గదిలో నువ్వు నోరు మూసుకునే ఉంటావనుకున్నాను. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, ఎవరేమడిగినా తల దించుకునేవాడివి. ఆ రోజూ తల దించుకో, నేను మాట్లాడతాను అనుకున్నాను. బుట్ట సంగతి చెబుదామని నోరు తెరిచాను. నువ్వు పలికింది అన్నావు. నువ్వు అబద్ధమాడతావని నాకు జన్మలో తోచలేదు. ఇక నేనేం చెప్పినా మా చెల్లెలి మొగుణ్ణి దొంగని చెయ్యడమే. నోరు మూసుకున్నాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు, నిజమే. చెప్పాల్సిన చోట చెబితే. నాకు చెప్పి ఏం లాభం? నాకు రెండు కళ్ళూ ఉన్నాయి. నువ్వు ఇవాళ పొద్దున కూడా టిక్కులు పెట్టి ఉంటావు. అవి ఇప్పుడు ఎవరి మోటారు మీద తిరుగుతున్నాయో.

చెల్లాయితో ఆదివారం మాట్లాడతాను. నీకు మళ్ళీ ఉత్తరం రాయను, నువ్వు క్షమాపణ అడగాల్సినవాణ్ణి అడిగేదాకా.

నీ బావ,
మాజీ గడ్డి మేస్త్రి

—

బావకి,

నువ్వు రాయనన్నావు. రాయకు. నేను రాస్తాను.

షెడ్డుకి పోవడం లేదు. చక్రం పేలిన సంగతి విచారించడానికి ఎల్లుండి నన్ను ఫ్యాక్టరీల అధికారి దగ్గరికి రమ్మన్నారు. నీక్కూడా కబురొస్తుంది. బుట్ట సంగతి చెప్పు. నేనేమవుతానోనని చూడకు.

నీ ఉత్తరం షెడ్డుకి తీసుకుపోయి, భోజనాల వేళ గోడ వెనక కూర్చుని మూడుసార్లు చదివాను. మొదటిసారి నీ మీద కోపం వచ్చింది. నువ్వు అబద్ధం రాశావనుకున్నాను. ఓనరు గదిలోకి పోయాను. పిలవకుండా ఆ గదిలోకి పోవడం అదే మొదలు.

"అయ్యా, నాకు చెవులు లేవని మీకు తెలుసా?" అన్నాను.

ఆయన లేచి దగ్గరికి వచ్చారు. భుజం మీద చెయ్యి వేశారు. "ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను."

నవ్వారు. "వినపడకపోతే మాత్రం ఏమైంది పెద్దాయనా? వేలికి వణుకు తెలుస్తుందిగా నీకు. వెళ్ళి కూర్చో."

వేలి సంగతి నేను నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు బావా. నా భార్యకి కూడా. అంటే ఈయన అంతా గమనించారు. నా వేలూ, నా తల ఊపడమూ. మూడేళ్ళు నేను దాక్కున్నాననుకున్నాను. నన్ను దాచిపెట్టింది ఆయన. నీ మీద కోపం అక్కడే చల్లారింది. ఆయన కూర్చోమన్నారు. నా సంగతి నీకు తెలుసు కదా. వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను.

నూట నలభై చక్రాలున్నాయి. ఒక్కోటీ వేలాడదీశాను, తట్టాను. ఏదీ పలకలేదు. నాకు పలకనిది నా లెక్కన పగిలిందే. నూట నలభైకీ కాటాలు పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్ళలో అంత నిజాయితీగా ఎప్పుడూ పని చెయ్యలేదనిపించింది. కాస్త తేలికపడ్డాను. పిచ్చివాణ్ణి. ఆ తర్వాత మంచినీళ్ళకి నీ గది ముందునుంచి పోతుంటే, నీ చోట పెట్టిన మనిషి తడిగుడ్డతో నా కాటాలు తుడుస్తున్నాడు. నలుగురు పిల్లల తండ్రి. నన్ను చూసి గుడ్డ కింద పెట్టి, నోరు పెద్దగా చేసి చెప్పాడు: "నాకేం తెలుసు మేస్త్రీ, తుడవమన్నారు, తుడుస్తున్నా." తుడిచినవాటిని గడ్డిలో పెడుతున్నాడు. నా కాటా ఒక తడిగుడ్డ ఖరీదు కూడా చెయ్యదు. సుత్తి బల్ల మీద పెట్టేసి ఇంటికి వచ్చేశాను.

నీ చెల్లెలు గుమ్మంలోనే ఉంది. "అన్నయ్య ఉత్తరం నాకు చూపించలేదేం?" అంది.

"నువ్వు చదివేశావుగా."

"చదివాను. పొద్దున మీకంటే ముందే. మీరు చూపిస్తారేమోనని చూస్తున్నాను."

పెట్టె తీసి అడుగున ఉన్న డాక్టరు కాగితం జేబులో పెట్టుకున్నాను. ఆవిడ చెప్పులు వేసుకుంది. ఎక్కడికన్నాను. "మీరెక్కడికో అక్కడికే. గేట్లాయన ఏమన్నాడో మీ చెవిలో చెప్పేవాళ్ళుండాలిగా" అంది. మూడేళ్ళలో ఆవిడ నా చెవుడు గురించి నోరు విప్పి అన్న మొదటి మాట అదే. నేను దాస్తున్నానని ఆవిడ దాచింది.

గేట్లాయన కొట్టు నువ్వు ఈ మధ్య చూసి ఉండవు. సగం చేసిన గేటొకటి గోడకి ఆనించి ఉంది. ఊచలు సమంగా లేవు. ఒక కంటితో దూరం సరిగ్గా తెలియదట. టేపు పట్టుకుని తల పక్కకి తిప్పి కొలుస్తున్నాడు, కోడి గింజని చూసినట్టు. ఆయన భార్య టేపు అవతలి కొస పట్టుకుంది. నన్ను చూసి ఇద్దరూ ఆగారు. షెడ్డు మనిషినని ఆయన మొహం గట్టిపడింది.

దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. మెల్లగా చెప్పాలి, ఆయనకీ ఆయన భార్యకీ మాత్రమే, తర్వాత కాళ్ళ మీద పడాలి అనుకున్నాను. మెల్లగానే మొదలుపెట్టాననుకున్నాను. "నీ కన్ను పోయింది పెట్టె జారినందుకు కాదు. ఆ చక్రానికి టిక్కు పెట్టింది నేను. నాకు చెవుడు. మూడేళ్ళ నుంచీ చెవుడు. పలికిందని అబద్ధం చెప్పాను." నీ చెల్లెలు నా చొక్కా పట్టుకుని లాగింది. ఎందుకో అర్థం కాలేదు. చూస్తే పక్క కొట్టువాడు బయటికి వచ్చాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. మేడ మీద ఒకావిడ బట్టలు తీస్తూ ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, నా గొంతు ఎంత పైకి వెళ్ళిందో నాకు వినపడటం లేదని. జన్మలో గొంతెత్తని వాణ్ణి, స్టేషను రోడ్డు మధ్యలో అరుస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆపేశాను. కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని ఉన్న కంటికి దగ్గరగా పెట్టుకుని తేదీ చూశాడు. మూడేళ్ళ కిందటిది.

అప్పుడే సాయంత్రం రైలు వచ్చింది. నేలలో అదురు తెలిసింది. సంచులు తగిలించుకుని పాసుల వాళ్ళు దిగి, రోడ్డు నిండా వస్తున్నారు. ఆయన చేసిన గేట్లు ఎవరి ఇళ్ళకున్నాయో వాళ్ళే అంతా. గేట్లాయన వాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏదో అన్నాడు. పెదాలు కదలడం కనపడింది. తిట్టాడనుకున్నాను. తిట్టినా సరే అనుకున్నాను. కాళ్ళ మీద పడటానికి వంగబోయాను. ఆయన నా రెక్క పట్టుకుని లేపి, రోడ్డు వైపుకి తిప్పి నిలబెట్టాడు. మెత్తగా కాదు.

నీ చెల్లెలు నా చెవి దగ్గరికి వచ్చింది.

"మళ్ళీ చెప్పమంటున్నాడు. అందరూ వచ్చారు, ఇప్పుడు చెప్పమంటున్నాడు."

మళ్ళీ చెప్పాను బావా. ముందు నీ మాట చెప్పాను. పెట్టె జారలేదని చెప్పాను. తర్వాత నాది, తర్వాత ఓనరుది. ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలీదు. ఈసారి నీ చెల్లెలు నా చొక్కా లాగలేదు.

ఇట్లు,
నీ చెల్లెలి భర్త